మెరుపు గుర్తు

ఆ ఎండాకాలం నా మొగుడి మీద సాక్ష్యం చెప్పింది ఊళ్లో శత్రువులెవరో కాదు, నేనే. నోటితో చెప్పి ఊరుకున్నానా అంటే అదీ లేదు. సంతకం పెట్టాను, సంతకం కింద నా దుకాణం ముద్ర కూడా గుద్దాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంట సగం స్వామిదాసు సారు మీద, సగం నా మీద.

రెండువేల పద్నాలుగు, ఏప్రిల్ ఆఖరు. ఓట్ల కాలం. ఎల్లారెడ్డి బస్టాండు దగ్గర నాది ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం. కామారెడ్డిలో మూడు నెలలు పని నేర్చుకుని పెట్టాను. ఆడమనిషి ఫోను విప్పుతుందా అని మొదట నవ్వినవాళ్లే తర్వాత స్పీకరు పోయిందనీ బటన్లు నొక్కుకోవడం లేదనీ వరసగా వచ్చారు. మా ఆయన జైరాం సొంత కారును కిరాయికి నడుపుతాడు. ఓట్ల డ్యూటీకి కార్లు పెట్టుకుంటారు కదా, అలా అడవి వైపు పోలింగు బూతులు చూసే స్వామిదాసు అనే ఆఫీసరుకు మా కారు పడింది.

డ్యూటీకి రెండు రోజుల ముందు జైరాం దుకాణానికి వచ్చాడు.

"సిగరెట్ ముట్టిచ్చే సాకెట్ల పెట్టే చార్జర్ ఒకటి కావాలె. సారుది పెద్ద టచ్ ఫోనట. దినమంత దాని మీదనే ఉంటడట," అన్నాడు.

"కార్ల పాటల డెక్‌ల యూఎస్‌బీ ఉన్నది గద. దాంట్ల వైరు పెడితే సాలదా?"

"అది పాటల పెన్‌డ్రైవ్ పెట్టుకునేది గద."

"పాటలదైతేంది, కరెంటు వస్తలేదా? నా ఫోను దాంట్లనే నిండుతది. నాకే చెప్తున్నవా ఫోన్ల ముచ్చట?"

నేనిచ్చిన వైరు చుట్టుకుని జేబులో వేసుకుపోయాడు. ఫోన్ల విషయంలో నా మాటంటే ఆయనకు అంత గురి.

పోలింగు మర్నాడు పొద్దున ఆయన ఇల్లు చేరేసరికి నేను దుకాణానికి బయలుదేరుతున్నాను. ఓటు మిషన్లు అప్పజెప్పేదాకా వదల్లేదట. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. చెంబెడు నీళ్లు తాగి పడుకున్నాడు.

పదకొండింటికి దుకాణం ముందు ఇద్దరు దిగారు. ఒకాయన ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు, రెండో ఆయన చేతిలో ఫైలు ఉంది. నేను వాళ్లను అంతకుముందు చూడలేదు.

"ఫోన్ మెకానిక్కువు నువ్వేనామ్మా? మాకొక నిపుణుల అభిప్రాయం కావాలి," అన్నాడు ఇస్త్రీ చొక్కా.

కుర్చీ తుడిచి వేశాను.

"చార్జింగ్‌లో పెట్టిన ఫోన్. మెరుపు గుర్తు కూడా కనపడుతుంది. అట్లాంటి ఫోన్ దానంతట అది ఆగిపోతదా?"

"ఎట్లాగుతది సార్? ఎవరన్న వైరు తీస్తే తప్ప ఆగదు."

"గ్యారంటీ?"

"వందకు వంద."

ఫైలాయన గబగబా రాశాడు. నిపుణురాలైన శ్రీమతి సునీల అని రాసిన చోట నా చూపు ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరూ అంత మాట అనలేదు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్న బాపతు అయింది నా తెలివి. ఎవరి ఫోను, ఎందులో పెట్టారు, ఎందుకు అడుగుతున్నారు, ఒక్కటీ అడగలేదు. సంతకం పెట్టాను. "ముద్ర ఉందా?" అంటే అదీ గుద్దాను. చాయ్ తెప్పిస్తానంటే వద్దని, నవ్వుతూ వెళ్లిపోయారు.

మధ్యాహ్నం అన్నం దగ్గర జైరాం నోరు విప్పాడు.

సారు ఫోను పన్నెండు కాకముందే ఆగిపోయిందట. పన్నెండున్నరకు అడవి చివరి తండాలో ఓటు మిషను మొరాయించింది. ఇంకో మిషను పంపాల్సింది స్వామిదాసు సారే. బూతు వాళ్లకు ఇచ్చింది ఆయన నంబరొక్కటే. వాళ్లు చేస్తూనే ఉన్నారు, ఇక్కడ ఫోను చచ్చి పడుంది. వరసలో తిరుగుతూ తిరుగుతూ మూడున్నరకు వీళ్లు ఆ తండా చేరేదాకా ఓట్లు బందు. టెంటు కూడా లేని ఎండలో కూర్చుని కూర్చుని సగం మంది ఇళ్లకు పోయారు. మళ్లీ రాలేదు. ఆ తండా ఇంకెవరిదో కాదు, మా పుట్టింటివాళ్లది.

"నా ఫోను ఇస్త సార్, దీని మీదికెల్లి చెయ్యుండ్రి అన్న. నంబర్లన్ని నా దాంట్లనే ఉన్నయ్ అన్నడు. ఇప్పుడేమో నేను వైరు తీసిన అంటున్నడు. ఎవరో నన్ను కొన్నరట, ఆ తండా ఓట్లు పడకుంట జేసిన్నట," అన్నాడు జైరాం.

ఆ ఇస్త్రీ చొక్కా ఎవరో అప్పుడు అర్థమైంది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. పైగా ఏమన్నానో చూడండి.

"మెరుపు గుర్తు ఉండెనా?"

"పొద్దుగాల నుంచి ఉండనే ఉండె."

"గుర్తుంటే ఎట్ల సస్తది?"

"నేను చెప్తున్న గద."

"నువ్వు చెప్తున్నవ్. కానీ ఫోను అబద్ధమాడది."

ఆయన నా వైపు ఒకసారి చూసి, కంచంలోనే చేయి కడిగేసుకున్నాడు. దాచడం ఎందుకు, ఆ పూట నాకు అనుమానం వచ్చిన మాట నిజం. తొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషి మాట కంటే, నేను మూడు నెలలు నేర్చుకున్న విద్య మీద నాకు నమ్మకం ఎక్కువైంది.

ఐదో రోజున నోటీసు వచ్చింది. జైరాం తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, కాబట్టి చదవడం ఎప్పుడూ నా వంతే. వాకిట్లో మంచం మీద ఆయన, గడపలో నేను. ఎన్నికల పనికి కావాలని అడ్డుపడినందుకు పోలీసు కేసు ఎందుకు పెట్టకూడదో, కారు పర్మిటు ఎందుకు రద్దు చేయకూడదో వారంలో కామారెడ్డి వచ్చి చెప్పుకోవాలట. అక్కడిదాకా గట్టిగానే చదివాను. ఆ తర్వాతి వాక్యం దగ్గర నాలుక తడబడింది.

"సదరు డ్రైవరు భార్యయు, ఫోన్ల మరమ్మతు నిపుణురాలును అగు శ్రీమతి సునీల ధ్రువీకరించిన ప్రకారము, వైరు తీయనిదే..."

"ఇగ సదువకు," అన్నాడు జైరాం.

కోపంగా అనలేదు. లేచి చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు. తిట్టినా బాగుండేది.

అప్పటికి గానీ నాకు బుర్ర వెలగలేదు. బస్టాండు చుట్టూ ఫోన్లు బాగుచేసేవాళ్లు ఇంకా ముగ్గురున్నారు. వాళ్లందరినీ దాటుకుని ఆ సారు నా దుకాణానికే ఎందుకొచ్చాడు? తెలిసే వచ్చాడు. పెళ్లాం సంతకం కంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను చూశాను గానీ, మద్దెల వాయించేవాడి పెళ్లాంతోనే మద్దెల ఓడని రాయించుకున్నవాణ్ని ఈయన్నే చూశాను.

మర్నాడు మా అన్న హరిలాల్ దుకాణానికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"యాడి మూడు గంటలు ఎండల కూసున్నది," అన్నాడు. మేం అమ్మను యాడి అంటాం. "కండ్లు తిరిగి పడితే ఎత్తుకపోయినం. ఓటెయ్యలే. బావ అమ్ముడువోయిండని తండాల అంటుంటే, గట్ల జేసే మనిషి కాదని నేను కొట్లాడిన. ఇప్పుడు నువ్వే రాసిచ్చినవంట. నేను ఏ మొఖం పెట్టుకొని కొట్లాడాలె?"

"అన్న, నాకు తెల్వక..."

"తెల్వకుంటే సంతకమెందుకు పెట్టినవ్?"

ఆయన వెళ్లిపోయాడు.

ఇంట్లో మాటలు ఉప్పూ నీళ్ల దగ్గరే ఆగిపోయాయి. జైరాం ఫోను రోజూ నా దుకాణంలోనే చార్జింగు పెట్టుకునేవాడు. ఆ వారం ఎదురుగా ఉన్న చాయ్ హోటల్లో పెట్టుకున్నాడు. కౌంటరు వెనక నుంచి చూస్తూ కూర్చున్నాను.

నా దుకాణం పక్కన హఫీజా ఆపాది బట్టలు కుట్టే దుకాణం. వాళ్లాయన దుబాయిలో ఉంటాడు. మిషను ఆపి వచ్చి, నా ముందు కూర్చుని, విషయమంతా విని ఆమె ఒక్కటే అడిగింది.

"నా ఫోను సంగతి యాదికున్నదా నీకు?"

"ఏ సంగతి ఆపా?"

"మా ఆయన దుబాయ్ కెల్లి పంపిన పెద్ద ఫోను. మొన్న ఆయనను ఏర్‌పోర్టుల దించనీకి పోయినప్పుడు తమ్ముని కార్ల డెక్‌కు పెట్టిన. ఎక్కేటప్పుడు సగముండె, దిగేవరకు ఖతం. నీ దగ్గరికే తెచ్చిన. నువ్వేమన్నవ్?"

గుర్తొచ్చింది. వైరు ఖరాబైందన్నాను. కొత్త వైరు అంటగట్టాను.

"కొత్త వైరు పెడితె గూడ గంతే అయింది. నీకు చెప్తే మళ్ల ఇంకొక వైరు ఇస్తవని ఊకున్న," అంది ఆపా.

నేను దుకాణం షట్టరు దించి, కరెంటు కొలిచే మీటరు సంచిలో వేసుకుని ఇంటికి పరిగెత్తాను. ఆపా తన ఫోను పట్టుకుని నా వెనకే వచ్చింది. జైరాం చేత కారు తాళం తిప్పించి, డెక్ వేయించి, ఒక వైరు మధ్యలో కోసి మీటరు కలిపాను. ఇంట్లో గోడ చార్జరుకు పెడితే ముల్లు ఒక ఆంపియరు దాటింది. డెక్ యూఎస్‌బీకి పెడితే అరకు కూడా రాలేదు. ఎన్నిసార్లు పెట్టినా అంతే.

అది పెన్‌డ్రైవ్‌లో పాటలు చదవడానికి పెట్టిన సందు. పాటలకు ఎంత కావాలో అంతే ఇస్తుంది. నా బటన్ల ఫోను తాగేది ఉగ్గిన్నెడు, కాబట్టి దానికి ఆ ధారే ఎక్కువై నిండేది. పెద్ద ఫోను అలా కాదు. అద్దం వెలుగుతుండాలి, మ్యాపు నడుస్తుండాలి, అడవిలో సిగ్నలు దొరక్క వెతుక్కుంటుండాలి. అది ఖర్చు పెట్టేదాంట్లో సగం కూడా ఈ సందు ఇవ్వలేదు. చిల్లికుండలో చెంబుతో పోసినట్టే. మెరుపు గుర్తు మాత్రం వస్తుంది. కరెంటు వస్తోందని చెప్పడమే దాని పని. సరిపోతోందో లేదో అది చెప్పదు.

జైరాం ఇదంతా తలుపు పట్టుకుని చూస్తున్నాడు.

"కామారెడ్డిదాంక పోదాం. నువ్వు నడుపు, ఆపా ఫోను మాట్లాడుతది, నేను బ్యాటరీ అంకె సూస్త," అన్నాను.

ఆయన తలుపు వదిలి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఎల్లారెడ్డిలో ఎక్కేటప్పుడు యాభై రెండు శాతం. మ్యాపు పెట్టాం. ఆపా దుబాయికి ఫోను కలిపి, మొగుడితో స్పీకరులో మాట్లాడింది. వాళ్ల అత్తగారి మోకాళ్ల నొప్పి దగ్గర మొదలైన ముచ్చట తమ్ముడి పెళ్లిచూపుల దాకా సాగింది. లింగంపేటలో నలభై ఏడు. తాడ్వాయి దాటేసరికి నలభై ఒకటి. మెరుపు గుర్తు అలాగే ఉంది. నేను ఒక కన్ను అంకె మీద, ఒక కన్ను వైరు మీద పెట్టి కూర్చున్నాను. ఎవరూ వైరు ముట్టలేదు. కామారెడ్డిలో జైరాం కారు ఓ పక్కన ఆపాడు.

"ఎంతున్నది?"

"ముప్పై మూడు."

"గుర్తు?"

"ఉన్నది."

ఆయన తల ఊపి, అద్దం దించాడు. నేను ఏదో అనబోయాను. ఆపా నా మోచెయ్యి నొక్కింది.

స్టేషను రోడ్డులో సిగరెట్ సాకెట్ చార్జరు కొన్నాం. మొదట్లోనే ఆయన అడిగిన వస్తువు. తిరుగు దారిలో ఫోను దానికి పెట్టాం, ఆపా అంతే మాట్లాడింది, మ్యాపు అలాగే నడిచింది. ఇల్లు చేరేసరికి నలభై ఆరు ఉంది.

విచారణ రోజున నేనూ వెళ్లాను. రమ్మని ఎవరూ పిలవలేదు. కామారెడ్డిలో విచారణ చేసే మేడం బల్ల వెనక కూర్చుంది, స్వామిదాసు సారు అదే ఇస్త్రీ చొక్కాలో పక్కన కూర్చున్నాడు. నన్ను చూసి ముఖం తిప్పుకున్నాడు.

"మేడం, ఆ కాగితం మీద సంతకం నాది. అది తప్పు. ఎందుకు తప్పో చూపెడుత, కిందికి రాండ్రి," అన్నాను.

"మొగుడి కోసం మాట మారుస్తుంది మేడం," అన్నాడు సారు.

"నేను మాట మార్సుడు కాదు సార్. మీ ఫోనే పెట్టుండ్రి. వైరు మీ చేతిలనే పట్టుకోండ్రి."

మేడం ఒక్క నిమిషం ఆలోచించి లేచింది. మే నెల ఎండ. కారులో సారు ఫోను డెక్‌కు పెట్టించి, మ్యాపు వేయించి, ఆఫీసుకు కాల్ కలిపించాను. అరవై నాలుగు. అరగంటకు అరవై. మెరుపు గుర్తు మెరుస్తూనే ఉంది.

"కారు ఆగి ఉంది కదా మేడం, నడిచేటప్పుడు వేరేగా ఉంటుంది," అన్నాడు సారు చెమట తుడుచుకుంటూ.

"అయితే నడిపిద్దాం," అని మేడం వెనక సీట్లో కూర్చుంది. బైపాసు దాకా వెళ్లి వచ్చేసరికి యాభై ఐదు.

గదిలోకి వచ్చాక మేడం నా వైపు చూసింది. "ఒకసారి అలా రాసిచ్చావు, ఇప్పుడు ఇలా అంటున్నావు. దేన్ని నమ్మమంటావమ్మా?"

"అది సూడకుంట చెప్పిన మేడం. ఇది సూసి చెప్తున్న."

ఆమె స్వామిదాసు సారు వైపు తిరిగింది. "డ్రైవరు తన ఫోను ఇస్తానన్నాడా?"

"అన్నాడు మేడం. కానీ నంబర్లన్నీ నా ఫోన్‌లోనే..."

"నంబర్లన్నీ అచ్చు వేసిన కాగితం డ్యూటీ సంచిలో పెట్టిచ్చాం. తీసి చూశారా?"

సారు ఆ రోజు సంచే విప్పలేదట. ఆ ఒక్క కాగితం తీసి, మా ఆయన బటన్ల ఫోనులోంచి ఒక్క కాల్ చేసి ఉంటే, మూడు గంటలు కాదు, మూడు నిమిషాల పని. అంతమాత్రం చేతకాని మనిషి, కాపురం కూల్చే కాగితం మాత్రం ఎంత జాగ్రత్తగా రాయించుకున్నాడో చూడండి.

డ్రైవరు తప్పు లేదని మేడం రాసింది. స్వామిదాసు సారును సంజాయిషీ అడుగుతానంది. బయటికొచ్చాక ఆయన మా దగ్గర ఆగి, "ఏదో పొరపాటు జరిగింది. ఇంత చిన్నదానికి ఇంత దూరం రావాల్సింది కాదు," అన్నాడు. క్షమించమనే మాట ఆ నోట రాలేదు.

"మా యాడి ఓటు చిన్నదా సార్?" అన్నాను.

ఆయన జీపెక్కి వెళ్లిపోయాడు. నేను మళ్లీ లోపలికి వెళ్లి, మేడం రాసిన కాగితం నకలు అడిగి తెచ్చుకున్నాను.

నేరుగా తండాకు పోనిమ్మన్నాను. మా అన్న ఇంటి ముందు పదిమంది చేరారు. కాగితం గట్టిగా చదివాను. నా మొదటి సంతకం తప్పని ఉన్న వాక్యాన్ని రెండుసార్లు చదివాను. ఎవరూ అడగకుండానే చదివాను.

"కాగితమే ఉన్నదంటే ఇగ ఎవడు మాట్లాడుతడు? బావది తప్పు లేదు," అన్నాడు హరిలాల్. మిగతావాళ్లు తలలూపారు.

యాడి గోడకు ఆనుకుని కూర్చుంది. ఇంకా నీరసంగానే ఉంది. "గట్లయితె నా ఓటు ఎప్పుడు ఏపిస్తరు మరి?" అంది.

ఆ మాటకు ఏ కాగితంలోనూ జవాబు లేదు. చూస్తే జైరాం అక్కడ లేడు. కారు దగ్గర నిలబడి, అద్దం మీది దుమ్ము తుడుస్తున్నాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"అందరు నమ్మిండ్రు," అన్నాను.

"కాగితం సూసినంక నమ్మిండ్రు," అన్నాడు. గుడ్డ దులిపి మడత పెట్టాడు. "నువ్వు అంకె సూసినంక నమ్మినవ్."

మేడంకు జవాబు చెప్పాను. సారుకు చెప్పాను. మా అన్నకూ చెప్పాను. దీనికి మాత్రం నోరు రాలేదు. కారెక్కి కూర్చున్నాను. మర్నాడు ఆయన ఫోను చార్జింగుకు మళ్లీ నా దుకాణానికే తెచ్చాడు. కౌంటరు మీద పెట్టి వెళ్లాడు. పెద్ద మనసు ఆయనది.

ఇప్పటికీ ఎవరైనా పెద్ద ఫోను పట్టుకుని కారులో నిండడం లేదంటే, వైరు అమ్మను. కూర్చోబెట్టి మీటరు పెట్టి చూపిస్తాను. నిపుణురాలినని ఎవరైనా అంటే, సంతకం పెట్టే చెయ్యి ఒళ్లో పెట్టుకుంటాను. ఇక ఇంట్లో అంటారా, వానొస్తది అని ఆయన అంటే నేను ఆకాశం వైపు చూడను. గొడుగు తీసుకుంటాను.